అట్ట మీద ఎవరి బిడ్డో

మా అత్తయ్య చేతిసంచిలో ఎప్పుడూ ఒక చిన్న నూనె సీసా ఉంటుంది. ఒకప్పుడు అది దగ్గుమందు సీసా. కడిగి ఆరబెట్టి నువ్వులనూనె పోసుకుంది. మిరపకాయలతో పని చేసే ఇళ్ళలో అది ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కారం అంటిన చేతి మీద ఉత్త నీళ్ళు పోస్తే మంట పోదు, ఇంకా పాకుతుంది. ముందు నూనె పట్టించి రుద్దుకోవాలి. తర్వాత సబ్బు, ఆ తర్వాత నీళ్ళు. ఇదంతా అయ్యేదాకా చంటిపిల్లల్ని ముట్టుకోకూడదు. మిరపకాయల కల్లంలో పాలిచ్చే తల్లి ఎవరైనా పనిలో ఉంటే, పక్కనే నూనె గిన్నె ఒకటి పెట్టి ఉంచుతారు. పిల్లాడు ఎంత గుక్కపట్టి ఏడ్చినా ఆ తల్లి ముందు ఆ గిన్నె దగ్గరికే పోతుంది.

ఆ సీసా మూతను ఒక ఆఫీసు గదిలో, కొత్తవాళ్ళ ముందు తీయాల్సి వచ్చింది. అప్పటినుంచి దాన్ని చూస్తే నాకు తల వంగిపోతుంది. ఇప్పుడు పిల్లలిద్దరూ పడుకున్నారు. మిగిలిపోయిన బిజినెస్ ప్లాను కాయితాలకు వెనకవైపు తెల్లగా ఉంది. దాని మీదే ఇది రాస్తున్నాను.

మా పెద్దది అమ్మాయి, నాలుగేళ్ళు. దానికి అన్నం పెట్టడమే ఈ వ్యాపారానికి మొదలు. మా ఇంట్లో కూర అంటే ముక్క ఎర్రగా ఉండాలి, ముక్కు కారాలి. అందుకని పిల్లకు పెట్టేముందు కూరలో ముక్కను మంచినీళ్ళ గ్లాసులో ముంచి, కడిగి పెట్టేవాళ్ళం. కడిగిన ముక్కకు ఏం రుచి ఉంటుంది? అది నమిలి నమిలి ఉమ్మేసేది. అప్పుడు అత్తయ్య ఒక పద్ధతి చెప్పింది. రంగు ఉండి మంట తక్కువగా ఉండే బాడిగ కాయలు తెచ్చి, తొడిమలు తీసి, చీల్చి, గింజలు దులిపేసి, వేయించిన పుట్నాలపప్పు, జీలకర్ర, కాస్త ఉప్పు కలిపి పొడి కొట్టాం. నేతిలో కలిపి పెడితే పిల్ల మారు మాట్లాడకుండా తిన్నది. పక్కింటివాళ్ళు అడిగి పట్టుకెళ్ళారు. వాళ్ళ చుట్టాలు మళ్ళీ అడిగారు.

దీన్ని అమ్మవచ్చు అని నాకు తోచింది. నేను కాలేజీలో వ్యాపార నిర్వహణ చదివాను. పెళ్ళయ్యాక ఆ చదువు పట్టాలాగే బీరువాలో ఉండిపోయింది.

మావారు గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తా. నా మాట విని పగలబడి నవ్వాడు.

"గుంటూరు పక్కన ఉండి చప్పకారం అమ్ముతావా? రేపు యార్డులో నన్నేమని పిలుస్తారో తెలుసా? చప్పకారపు మొగుడు అంటారు."

"అననీరా," అంది అత్తయ్య చేటలోంచి తల ఎత్తకుండా. "నీ చిన్నప్పుడు పచ్చడన్నం ముద్ద నోట్లో పెడితే బజారంతా వినపడేట్టు ఏడ్చావు. ఇప్పుడు మీసాలొచ్చినయ్యని మర్చిపోయావా?"

ఇబ్బంది ఒకటే వచ్చింది. ఇంట్లో దంచుకుంటే రోజుకు ఒకటి రెండు డబ్బాలు. ఎక్కువ కావాలంటే ఊళ్ళో మరకు పోవాలి. ఆ మరలో అందరూ ఆడించుకునేది బాగా మంటగా ఉండే తేజ కాయలు. నా పొడి ఆడించేసరికి, అంతకుముందు పట్టిన కారం తొట్టిలో అంటుకుని ఉన్నది నా దాంట్లో కలిసింది. తెలియక పిల్లకు కలిపి పెట్టాను. మొదటి ముద్దకే దాని ముఖం ఎర్రబడిపోయింది. చక్కెర నోట్లో పోసుకుని వెక్కుతూ నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేదు. ఇంకెవరి కాయలూ పట్టని మిషను నాకు ఉంటే తప్ప పిల్లల కారం అన్నమాటే లేదు.

సరిగ్గా అప్పుడే గుంటూరు దగ్గర సొంత వ్యాపారం పెట్టుకునే ఆడవాళ్ళ కోసం ఒక షెడ్డు కట్టారని తెలిసింది. అందులో గదులు, గదికో మిషను. ఎవరికి ఇవ్వాలో ఒక కమిటీ చూస్తుంది. బిజినెస్ ప్లాను రాసి, అచ్చు వేయించి, వాళ్ళ ముందు నిలబడి చెప్పాలి. మిగతావాళ్ళు భయపడ్డారేమో కానీ నాకు సంతోషమేసింది. అది నాకు వచ్చిన పని.

కాలేజీలో మాకు ఆ పాఠం చెప్పిన మేడమ్ మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. సారాంశం ఒక్క పేజీ దాటకూడదు, రాసేటప్పుడు చివర రాయాలి, పెట్టేటప్పుడు ముందు పెట్టాలి. మొదటినుంచి చివరిదాకా ఒకే ఫాంటు. శీర్షికలన్నీ ఒకే సైజు. నాలుగు వైపులా అంచు వదలాలి, చూసేవాడి కంటికి ఊపిరి ఆడాలి. పట్టికకు నంబరు, పేజీకి నంబరు. చివరగా ఒక మాట అనేది: "ప్రజెంటేషన్ గదిలోకి ఇంటిని వెంటబెట్టుకుని వెళ్ళకండి." మేమంతా దాన్ని నోట్సులో రాసుకుని కింద గీత గీశాం.

గుంటూరు బ్రాడీపేటలో పెళ్ళిశుభలేఖలు వేసే డీటీపీ షాపు ఒకటి ఉంది. ఆయన దగ్గర కూర్చుని ప్లాను తయారు చేయించాను. చంటిపిల్లాణ్ణి అత్తయ్యకు అప్పగించి, వాడు మళ్ళీ పాలకు లేచేలోపు బస్సు పట్టుకుని వెళ్ళి రావడం. వాడికి అప్పుడు ఎనిమిదో నెల. సీసా పాలు నోటికి తగిలిస్తే ఊసేవాడు.

"మేడమ్, పేజీ చుట్టూ మామిడాకుల బోర్డరు వేద్దామా? మరీ బోసిగా ఉంది," అన్నాడు షాపాయన.

"బోసిగానే ఉండాలండి. అది మార్జిన్."

"డబ్బులిచ్చి ఖాళీ కొనుక్కునేవాళ్ళని మిమ్మల్నే చూశా. పెళ్ళికార్డులు ఇన్నేళ్ళు వేశాను, ఇన్నిసార్లు ఎవరూ దిద్దించలా."

"పెళ్ళికార్డు తప్పు పడినా పెళ్ళి ఆగదు కదండీ," అన్నాను. ఆయన నవ్వి మళ్ళీ కీబోర్డు ముందుకు లాక్కున్నాడు.

ప్రమోటర్ వివరాలు అన్న పేజీలో నా చదువు, మార్కులు, కాలేజీలో చేసిన ప్రాజెక్టు పెట్టాను. పనివేళలు ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు అని రాశాను. కాయలు చీల్చడం, పప్పు వేయించడం అత్తయ్య చూస్తుంది కాబట్టి 'సహాయ సిబ్బంది: ఒకరు' అని రాశాను. పట్టికలో ఆ గడికి అదే సరిపోయింది. పిల్లల సంగతి రాయడానికి గడి లేదు. ఉందా లేదా అని నేను వెతకనూ లేదు.

అట్ట మీదకు బొమ్మ కావాలన్నాడు ఆయన. "మీ పిల్లల ఫొటోనే ఇవ్వండి మేడమ్. పిల్లల కారం కదా."

ఫోనులో వెతికాను. మా అమ్మాయి మూతినిండా పొడి అంటుకుని నవ్వుతున్నది. పిల్లాడు తలకు నూనె కారుతూ, చెంప మీద రూపాయి బిళ్ళంత దిష్టిచుక్కతో. వెనకాల అత్తయ్య చీర ఎగదోపి చేట పట్టుకుని ఉంది, ఆ వెనకాల పగిలిన ప్లాస్టిక్ బకెట్. ఫోను తిరగేసి పెట్టాను. ఆయనే కంప్యూటరులో వెతికి ఒక బొమ్మ తీశాడు. తెల్లటి వంటగది, తెల్లచొక్కా వేసుకున్న తల్లి, ఒళ్ళో పాలరంగు బిడ్డ. ఆ వంటగదిలో పొయ్యి కూడా ఎక్కడా కనపడదు. ఎంత శుభ్రంగా ఉందో అనుకున్నాను. దాని కింద 'ఒక అమ్మ చేతి కారం' అని వేయించాను. స్పైరల్ బైండింగ్ చేసి చేతికిచ్చినప్పుడు వాసన చూశాను. కొత్త పుస్తకం వాసన. చాలా రోజుల తర్వాత నేను చదువుకున్నదాన్నని నాకు గుర్తొచ్చింది.

కమిటీ రోజున మావారికి యార్డులో సీజను, కదలడానికి లేదు. పెద్దదాన్ని పక్కింట్లో వదిలి, పిల్లాణ్ణి తీసుకుని అత్తయ్య నాతో వచ్చింది. ఆఫీసు మేడమీద వరండాలో కుర్చీలు. వరస పిలుస్తున్నారు. పిల్లాడికి పాలిచ్చి, చీర సర్దుకుని, జుట్టు దువ్వుకుని కూర్చున్నాను. కానీ మా వరస రావడం ఆలస్యమైంది. ఇంకోసారి పాలిద్దామని లేవబోతుంటే లోపలినుంచి నన్ను పిలిచారు.

"నువ్వు పో. వీణ్ణి నేను చూసుకుంటా," అంది అత్తయ్య.

లోపల ముగ్గురు. మధ్యలో ఒక ఆఫీసరమ్మ, కళ్ళజోడు, నీలం నేతచీర. ఆమె పక్కన బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఇటు చివర ఒక కుర్రాయన లాప్‌టాప్‌లో రాసుకుంటున్నాడు. ముగ్గురికీ మూడు ప్రతులు ఇచ్చి, ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను.

పెద్దాయన అట్ట చూశాడు. "ఈ ఫొటోలో ఉన్నది మీరేనా అమ్మా?" అన్నాడు నా వంక చూసి, ఫొటో వంక చూసి. వేళాకోళానికే.

"కాదండీ."

"బాబు?"

"కాదండీ. ఊరికే బొమ్మ."

ఆయన నవ్వాడు, నేనూ నవ్వాను. తర్వాత చెప్పడం మొదలుపెట్టాను. బాగానే చెప్పాను. ఆఫీసరమ్మ పేజీలు తిప్పుతూ తల ఊపుతున్నది. నమూనా చూపించాల్సి వచ్చినప్పుడు ప్యాకెట్టు వాళ్ళ చేతికి ఇవ్వలేదు. మా వైపు అలా ఇవ్వరు. మూతి కట్టిన సరుకు చూపిస్తే లోపల ఏదో ఉందనుకుంటారు. యార్డులో కొనేవాడి ముందు బస్తా విప్పి, సరుకు అరచేతిలో పోసి చూపిస్తారు. నేనూ ప్యాకెట్టు చింపి, ఎడమ అరచేతిలో పోసుకుని, కుడిచేతి వేలితో పరిచి చూపించాను. పెద్దాయన ముందుకు వంగి వాసన చూశాడు.

"తుమ్ము కూడా రాలేదే! ఇది కారమేనా?"

"అదేనండీ దీని గొప్ప," అన్నాను, పొడిని మళ్ళీ ప్యాకెట్టులోకి వంపుతూ. మావారు ఇది వినాల్సింది అనుకున్నాను.

అప్పుడు బయట పిల్లాడు ఏడ్చాడు.

మొదట కూనిరాగంలా మొదలుపెట్టాడు. నేను గొంతు పెంచాను. వాడూ పెంచాడు. ఆ ఏడుపు నాకు తెలుసు. నిద్రకు ఒకటి, తడిసినప్పుడు ఒకటి, ఆకలికి ఒకటి. ఇది ఆకలిది.

ఆఫీసరమ్మ తలుపు వైపు చూసింది. "ఎవరి పిల్లాడమ్మా అది? అంతలా ఏడుస్తున్నాడు. మీతో వచ్చినవాళ్ళా?"

ఆమె గొంతులో కోపం లేదు. విసుగు కూడా లేదు. మావాడేనండీ, ఒక్క నిమిషం అనొచ్చు. నా నోటికి వచ్చింది వేరు.

"తెలీదండీ," అన్నాను. "పట్టిక మూడులో మొదటి సంవత్సరం ఉత్పత్తి అంచనా ఇచ్చాను."

నోరు తెలీదన్నది కానీ ఒళ్ళు ఊరుకోలేదు. పాలిచ్చే తల్లులకు చెప్పక్కర్లేదు. బిడ్డ ఏడుపు వింటే రొమ్ములో సూదులు గుచ్చినట్టు అవుతుంది, ఆ తర్వాత మన చేతిలో ఏమీ ఉండదు. జాకెట్టు తడవడం తెలుస్తోంది. లేతరంగు జాకెట్టు వేసుకున్నాను, ప్లాను అట్టకు నప్పుతుందని. కారం చేతులతోనే నా ప్రతి ఎత్తి గుండెలకు హత్తుకున్నాను. అట్ట మీది తల్లీ బిడ్డా వాళ్ళ వైపు నవ్వుతున్నారు.

"నా దాంట్లో పదకొండో పేజీ సరిగా పడలేదమ్మా. మసకగా ఉంది," అంది ఆఫీసరమ్మ. "మీ చేతిలోది ఒకసారి ఇలా ఇవ్వండి."

నేను ఇవ్వలేదు.

"నోటితో చెప్తానండీ," అన్నాను.

"చూస్తే సరిపోతుంది కదా. ఇలా ఇవ్వండి." ఆమె చెయ్యి చాచే ఉంది. నేను ప్లానును ఇంకా గట్టిగా పట్టుకుని ఒక అడుగు వెనక్కి వేశాను. ఒక బిజినెస్ ప్లానును కమిటీకి ఇవ్వనని గుండెకు అదుముకుని నిలబడ్డ మనిషిని వాళ్ళు అదివరకు చూసి ఉండరు. కుర్రాయన రాయడం ఆపి నా వంక చూశాడు.

తలుపు తోసుకుని అత్తయ్య వచ్చింది. చంకలో పిల్లాడు కాళ్ళు తన్నుకుంటున్నాడు. ముఖమంతా కందిపోయింది.

"అమ్మాయ్, వీడు నావల్ల కావట్లేదే. నీళ్ళు పట్టించా, భుజానేసుకుని వరండా అంతా తిప్పా. ఒక్క గుక్క ఇచ్చి మళ్ళీ మాట్లాడుకో." తర్వాత కమిటీ వైపు తిరిగి, "ఏమనుకోమాకండి బాబూ, చంటోడు," అంది.

 నన్ను చూడగానే పిల్లాడు రెండు చేతులూ చాపి నా మీదకు దూకాడు. నేనూ ప్లాను బల్ల మీద పడేసి చేతులు చాపాను.

"ఆగాగు! ఆ చేతుల్తోటేనా?" అత్తయ్య గబుక్కున వెనక్కి లాగింది. "కారం, కారం! ముట్టుకోమాకు!"

నేను రెండు చేతులూ గాల్లో పెట్టుకుని నిలబడిపోయాను. పిల్లాడు నా కోసం ఏడుస్తున్నాడు. జాకెట్టు మీది తడి అందరికీ కనపడుతున్నది. అప్పుడు పెద్దాయన అడిగాడు. ఎగతాళికి కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"పిల్లలు తినొచ్చన్నారు కదమ్మా ఈ కారం? మరి పిల్లాణ్ణి ముట్టుకోడానికే భయమా?"

దానికి జవాబు ఉంది. నాలుగేళ్ళ పిల్ల నేతిలో కలుపుకుని తినేది వేరు, ఎనిమిది నెలల పిల్లాడి కంట్లో పడేది వేరు. అది ఎవరికైనా చెప్పగలను. అప్పుడు మాత్రం కళ్ళు బల్ల మీది ప్లాను మీదకే పోయాయి. అన్ని పేజీల ప్లానులో ఆ ఒక్క వాక్యం ఎక్కడా లేదు. నా ముఖంలో ఏం కనపడిందో గానీ ఆయన తల దించుకున్నాడు.

అత్తయ్యకు ఇవేవీ పట్టలేదు. సంచిలో సీసా తీయాలి, చంకలో పిల్లాడు. అటూ ఇటూ చూసి, "కాస్త పట్టుకో తల్లీ," అని వాణ్ణి ఆఫీసరమ్మ ఒళ్ళో కూర్చోబెట్టేసింది. ఆమె కంగారుగా పట్టుకుంది. పిల్లాడు కొత్తముఖం చూసి ఒక్క క్షణం ఏడుపు ఆపి, ఆమె కళ్ళజోడు లాగాడు.

"చేతులు పట్టు," అంది అత్తయ్య. గుడిలో తీర్థానికి పట్టినట్టు పట్టాను. ఆమె నూనె పోసింది. నేను రుద్దుకుంటుంటే ఎర్రటి నూనెబొట్లు బల్ల మీది ప్లాను మీద పడ్డాయి. ఒకటి అట్ట మీది బిడ్డ చెంప మీద పడింది. దిష్టిచుక్క పెట్టినట్టు.

"ఎదురుగా స్టోరు రూము ఉంది. పక్కనే కుళాయి," అంది ఆఫీసరమ్మ, నా వైపు చూడకుండా. ఆ చూడకపోవడం మర్యాదేనని అప్పుడే తెలుసు. అయినా నేను ఇంకా కుంగిపోయాను.

విరిగిన కుర్చీల మధ్య కూర్చుని పిల్లాడికి పాలిచ్చాను. గుమ్మానికి అడ్డంగా అత్తయ్య వీపు పెట్టి నిలబడింది.  నేను 'తెలీదండీ' అన్నప్పుడు తలుపు ఓరగా తీసి ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

మళ్ళీ వెళ్ళేసరికి లోపల ఇంకొకరు మాట్లాడుతున్నారు. భోజనాల వేళకు ఆఫీసరమ్మ బయటికి వచ్చి నా దగ్గర ఆగింది.

"ప్లాను చాలా నీటుగా ఉందమ్మా. ఇవ్వాళ వచ్చినవాటిల్లో ఇంత పద్ధతిగా ఎవరూ తేలేదు. కానీ తొమ్మిదినుంచి ఆరుదాకా ఉంటానని రాశారు. ఉండగలరా మీరు?" అంది. నేను పిల్లాణ్ణి ఇంకో భుజం మీదకు మార్చుకున్నాను. "మీ బాబు అని ఒక్క మాట చెప్తే ఐదు నిమిషాలు ఆగేవాళ్ళం కదా. అంతలో పోయేదేముంది? నిజంగా ఎంతసేపు పనిచేయగలరో, ఈ పిల్లాణ్ణి ఎవరు చూస్తారో రాసి తీసుకురండి. పెద్దాయన అడిగినదానికి జవాబు కూడా. మిగిలిన గదుల సంగతి అప్పుడు చూద్దాం."

బస్సు నిండా మిరపకాయల కోతకు పోయి వస్తున్న ఆడవాళ్ళు ఉన్నారు. కిటికీ పక్కన చోటు దొరికింది. ఊరు దగ్గర పడేదాకా అత్తయ్య బయటికే చూసింది. తర్వాత ఒళ్ళో పిల్లాణ్ణి నిలబెట్టి, వాడి ముక్కు మీద వేలు పెట్టి అడిగింది.

"ఏరా, ఎవరి పిల్లాడివిరా నువ్వు? ఆఁ? తెలీదంట!"

వాడు కిలకిలా నవ్వాడు.

రాత్రి మావారు వచ్చి ఏమైందని అడిగితే నేను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది. "బ్రహ్మాండంగా చెప్పింది. ఇంకో పేజీ రాసుకురమ్మన్నారు, అంతే. నువ్వు కాళ్ళు కడుక్కుని రా." కొడుకు ముందు నన్ను ఒక్క మాట పడనివ్వలేదు. మేమిద్దరమే ఉన్నప్పుడు మాత్రం వదల్లేదు. స్నానం పోస్తూ అడిగేది, ఉగ్గు పెడుతూ అడిగేది. "ఎవరి పిల్లాడివిరా నువ్వు? తెలీదంట." నన్ను తిట్టి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. వాడితో ఆడుకుంటుంటే ఏమనగలను? గిన్నెలు కడుగుతూ వినేదాన్ని.

కొత్త పేజీ రాయడానికి ఆమెనే అడగాల్సి వచ్చింది. పెసలు బాగుచేస్తుంటే పక్కన కూర్చున్నాను.

"ముందు నా గురించి ఏం రాశావు?" అంది.

"సహాయ సిబ్బంది ఒకరు అని."

"ఆ ఒకరెవరు?"

"మీరే, అత్తయ్యా."

ఆమె చేట కింద పెట్టింది. "పిల్లాడికి తల్లి లేదు, నాకు పేరు లేదు. ఇంక ఆ ఫొటో ఆవిడే నడుపుతుందా నీ వ్యాపారం?"

నాకు నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. ఆమె చూడనట్టే పెసల్లో రాయి ఏరి పారేసింది.

"రాసుకో," అంది. "పొద్దున పిల్లాణ్ణి నేను చూస్తా. మధ్యలో పాలకు నీ దగ్గరికి తెస్తా. మధ్యాహ్నం అన్నం తిన్నాక కాసేపు పడుకుంటా, అది కూడా రాయి. పెళ్ళిళ్ళకీ చావులకీ పోతా. అదీ రాయి."

"అట్టా రాస్తే గది ఇవ్వరు అత్తయ్యా."

"ఇవ్వకపోతే మానె. నేను లేని రోజు నువ్వేం చేస్తావో అది కూడా రాయి. అడిగేది అదేగా వాళ్ళు."

రాశాను. పనివేళలు తగ్గాయి. దాంతో పట్టిక మూడులో అంకెలు తగ్గాయి, రంగుల గ్రాఫులో గీత పైకి లేవడం మానేసి నేల మీద పాకింది. ప్యాకెట్టు మీద వేసే మాటలు కొత్తగా చేర్చాను: మూడేళ్ళు దాటిన పిల్లలకు మాత్రమే, కలిపిన చెయ్యి కడుక్కోనిదే చంటిపిల్లల్ని ముట్టుకోవద్దు. సహాయ సిబ్బంది గడిలో అత్తయ్య పేరు, వయసు, ఎన్నాళ్ళనుంచి మిరపకాయల పని చేస్తున్నదీ పెట్టాను. అట్ట మీద బొమ్మ తీయించేశాను.

"ఈసారి అట్ట కూడా ఖాళీయేనా మేడమ్?" అన్నాడు షాపాయన. "ఖాళీయేనండీ," అన్నాను. 

రెండోసారి వెళ్ళినప్పుడు ముదురురంగు జాకెట్టు వేసుకున్నాను. అది ధైర్యం అనలేను. పెద్దాయన నన్ను గుర్తుపట్టి పలకరించాడు.

"ఈసారి బాబు ఎక్కడమ్మా?"

"బయట వాళ్ళ నాయనమ్మ దగ్గర ఉన్నాడండీ. మా అబ్బాయేనండీ."

ఎవరి అబ్బాయి అని ఎవరూ అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పానని తెలిసి నా చెవులు వేడెక్కాయి. ఆఫీసరమ్మ పేజీ తిప్పింది. కొత్త పేజీ దగ్గర చాలాసేపు ఆగి, "నాయనమ్మగారు పెళ్ళికి వెళ్తే పని ఆపేస్తారన్నమాట," అంది.

"ఆపేస్తానండీ. లేకపోతే సగం పూట చేస్తాను."

గది ఇచ్చారు. షెడ్డు చివర, అన్నిటికన్నా చిన్నది, ఇంకెవరూ కావాలనని గది. పక్కనే చేతులు కడుక్కునే కుళాయి ఉంది. మిషను కొత్తది, అందులో ఇంకా ఏ కాయా పడలేదు. బయటికి వచ్చి చెబితే అత్తయ్య, "కుళాయిలో నీళ్ళు వస్తయ్యా, చూశావా?" అంది. అంతే. ఆ రోజు బస్సులో ఆమె పిల్లాణ్ణి ఏమీ అడగలేదు. ఆ తర్వాత కూడా అడగడం మానేసింది. మానేసిందని సంతోషించాలి. నాకు మాత్రం వాడికి స్నానం పోస్తున్నప్పుడల్లా ఆ మాట పడాల్సినచోట ఖాళీగా వినిపిస్తుంది.

ఈ సాయంత్రం మా అమ్మాయి బీరువా కింద అరలోంచి పాత ప్లాను లాగింది. బొమ్మ ఉన్నది, నూనెమరక ఉన్నది. అట్ట ఒళ్ళో పెట్టుకుని, ఆ బిడ్డ చెంప మీది ఎర్రటి మచ్చను వేలితో గోకుతూ అడిగింది.

"అమ్మా, ఈ పాపాయి ఎవరి పాపాయే?"

"తెలీదమ్మా," అన్నాను.

అది నిజమే. నాకు తెలీదు. పొయ్యి దగ్గర పప్పు వేయిస్తున్న అత్తయ్య గరిటె ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. నేను తల ఎత్తలేదు. పిల్ల చేతిలోంచి ప్లాను తీసుకుని, అట్ట ఊడదీసి, వెనకవైపు రాసుకోవడానికి కాయితాలు విడిగా పెట్టుకున్నాను.